ఎర్రర్ చూపిన లైన్ సరే, దాని పైలైన్ చూసిన్రా?

మిర్యాలగూడలున్న మనుమనికి, మనుమరాలికి,

మీరు పంపిన సీ భాష ప్రోగ్రాం ఫొటో, దాంట్ల కంపైలర్ (కోడ్‌ను మిషిన్ భాషలకు మార్చేది) చూపిన ఎర్రర్ చూసిన. "ఇఫ్ కండ్ల ముందే ఉంది తాతా, ఎల్స్‌కు ముందు ఇఫ్ లేదంటదేంది?" అని కదా మీ కొట్లాట. ఇఫ్ అంటే 'అట్లైతే', ఎల్స్ అంటే 'లేకుంటే'.

ఆ ఇఫ్ లైన్ మళ్ళొకసారి చూడుండ్రి. మార్కులు 35 గాని, అంతకెక్కువ గాని ఉంటే అని బ్రాకెట్ మూసి, వెంటనే సెమికోలన్ పెట్టిన్రు. సీ భాషల ఉత్త సెమికోలన్ కూడ ఒక స్టేట్‌మెంటే, ఏ పనీ చేయని స్టేట్‌మెంట్ (ఆజ్ఞ). ఇఫ్ దాంతోనే ముగిసింది. కింద 'పాస్' అని ప్రింట్ చేసే లైన్‌కు ఇఫ్‌తోని సంబంధమే తెగిపోయింది. తర్వాతొచ్చిన ఎల్స్‌కు జత లేదు. అందుకే కంపైలర్ అట్ల అరిచింది. ఎల్స్ తీసేస్తే ఎర్రర్ పోతది గని, 12 మార్కులొచ్చినోడు కూడ పాసైతడు! గా పని మాత్రం చేయకుండ్రి.

దేవరకొండ పోవాల్సినోడు నల్గొండ బస్టాండుల తప్పు బస్సెక్కి, నకిరేకల్‌ల దిగినంక తెలుసుకుంటడు. కంపైలర్ చెప్పేది నకిరేకలే. తనకు ముందుకు పోరానిచోటు అది. తప్పెక్కడ పడ్డదో మనమే వెనక్కి పోయి ఎతుకాలె.

7వ లైన్ చివర సెమికోలన్ మరిచిపోతే 8వ లైన్‌ల తప్పుందంటదెందుకు? సీ భాషకు కొత్త లైనైనా, ఖాళీ జాగైనా ఒకటే. 8వ లైన్‌ల మొదటి మాట చదివినంకనే కంపైలర్‌కు అనుమానమొస్తది. జీసీసీ అనే సీ కంపైలర్ 8వ వెర్షన్ నుంచి ఇసొంటిదానికి చాన సార్లు పైలైన్ చివర్నే బాణం గుర్తు పెడ్తున్నది, నయమే. గని హెడర్ ఫైల్ (వేరే ఫైళ్ళు ఇన్‌క్లూడ్ చేసుకునేది) ఆఖరున స్ట్రక్ట్ (కొన్ని డేటాలను కలిపి కట్టే మూట) మూసి సెమికోలన్ మరిచిన్రనుకో, ఎర్రర్ ఆ ఫైల్‌ల గాక, దాన్ని ఇన్‌క్లూడ్ చేసుకున్న ఫైల్‌ల వస్తది. ఏ పాపం ఎరుగని ఇంట్ మెయిన్ (ప్రోగ్రాం మొదలయ్యే చోటు) మీద పడ్తది! మూసే మీసాల బ్రాకెట్ (}) పోతే చానసార్లు ఫైల్ ఆఖరి లైన్ దాంక చప్పుడే చేయదు.

ఇంకొకటి. ఇరవై ఎర్రర్లొస్తే ఇరవై తప్పులున్నట్టు కాదు. మొట్టమొదటిది దిద్ది మళ్ళ కంపైల్ చేయుండ్రి, కిందివి చానమటుకు వాటంతటవే పోతయ్. కాలేజీల చాన మంది ఆఖరిదాని కాడ మొదలువెడ్తరు, ఎందుకంటే స్క్రీన్ మీద కనవడేది అదే గదా.

ఆ సెమికోలన్ తీసి చూడుండ్రి. ఇంకేమన్న మిగిలితే ఫొటో గాదు, కోడే పంపుండ్రి. ఫొటోల నాకు సెమికోలన్, కోలన్ తేడా తెలుస్తలేదు.

మీ తాత,
నల్గొండ