వర్క్ స్టడీ: అమెరికా క్యాంపస్ ఉద్యోగాల వెనక కథ

అమెరికా యూనివర్సిటీల జాబ్ పోర్టల్ తెరిస్తే కొన్ని పోస్టుల పక్కన ‘వర్క్ స్టడీ ఉన్నవాళ్లకే’ అని ఉంటుంది. లైబ్రరీ కౌంటర్లో కూర్చుని పుస్తకాలు స్కాన్ చేసే పనికి ఈ షరతేమిటని కొత్తగా వెళ్లిన మన పిల్లలు తికమకపడతారు. సంగతేమిటంటే, వర్క్ స్టడీ అనేది డబ్బు అవసరమున్న విద్యార్థులకు పార్ట్ టైమ్ పని ఇప్పించే సర్కారీ పథకం; ఆ జీతంలో పెద్ద వాటా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానిది.

పని చేస్తూ చదువుకోవడం అక్కడ పాత అలవాటే. కెంటకీలోని బెరియా కాలేజీలో విద్యార్థి ట్యూషన్ ఫీజు కట్టడు, కానీ పని మాత్రం ప్రతి ఒక్కరూ చేయాల్సిందే. ప్రభుత్వం ఇందులోకి దిగింది మహా మాంద్యం రోజుల్లో. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ‘నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్’ ఏర్పాటు చేసి, చదువుకునే పిల్లలకు పార్ట్ టైమ్ పని, దానికి నెలనెలా కొద్దిపాటి జీతం ఇప్పించారు. ఇది ఉత్త దయ అనుకోనక్కర్లేదు. కుర్రాళ్లంతా చదువు మానేసి పనుల వేటలో పడితే, అప్పటికే ఉపాధి పోయి రోడ్డున పడ్డ పెద్దవాళ్లకు పోటీ అవుతారన్న లెక్క కూడా ఉంది.

ఆ సంస్థ టెక్సస్ శాఖకు డైరెక్టరుగా వచ్చింది 26 ఏళ్ల లిండన్ జాన్సన్. శాన్ మార్కోస్‌లో కాలేజీ చదువుకు గదులు ఊడ్చి, సాక్సులు అమ్మిన మనిషి. యుద్ధకాలంలో, 1943లో ఆ సంస్థ మూతపడింది. జాన్సన్ అధ్యక్షుడయ్యాక, 1964లో పేదరికంపై పోరాటం పేరుతో తెచ్చిన చట్టంలో కాలేజీ వర్క్ స్టడీని చేర్చారు. మరుసటి ఏడాది ఉన్నత విద్యా చట్టంపై సంతకం పెట్టడానికి తను చదివిన ఆ కాలేజీకే వెళ్లారు.

మొదట్లో జీతంలో 90 శాతం వరకు ఫెడరల్ ప్రభుత్వమే ఇచ్చేది. ఇప్పుడది మామూలుగా 75 శాతం దాకా. మిగతాది పని ఇచ్చినవాళ్లు భరించాలి.

అసలు పేచీ పంపకంలో ఉంది. ఏటా సుమారు 120 కోట్ల డాలర్లు పంచేటప్పుడు, గతంలో ఏ కాలేజీకి ఎంత వచ్చేదన్నది ఇప్పటికీ లెక్కలోకి వస్తుంది. దాంతో ఎప్పటినుంచో ఉన్న ప్రైవేటు కాలేజీలకు దండిగా, పేద పిల్లలు ఎక్కువగా చేరే కమ్యూనిటీ కాలేజీలకు (తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు నడిపే స్థానిక కాలేజీలు) అరకొరగా అందుతోంది. పేదల కోసం పుట్టిన పథకానికి ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది? పైగా అవార్డ్ లెటర్లో, అంటే ఆర్థిక సాయం వివరాలతో కాలేజీ పంపే ఉత్తరంలో, వర్క్ స్టడీ అని రాసి ఉన్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. పని వెతుక్కోవాలి, గంటలు చేయాలి, ఆ తర్వాతే జీతం.

మన పిల్లల్లాగా ఎఫ్-1 వీసా (విదేశీ విద్యార్థులకిచ్చే వీసా) మీద వెళ్లినవాళ్లకు ఈ పథకం వర్తించదు. వాళ్లకున్నది క్యాంపస్‌లోని మిగతా ఉద్యోగాలు, అవీ క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. చాలా రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి. పెంచని చోట కనీస వేతనమే ఇస్తే, 20 గంటలూ చేసినా వారానికి వచ్చేది 145 డాలర్లు.