తూము దగ్గర ఎవరున్నారు?

బుచ్చిరెడ్డిపాళెం,
కార్తీకం చివరి వారం.

చిరంజీవులు అమ్ములుకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

ఆదివారం ఫోన్లో అమ్ములు అడిగిన దానికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. చేలో నాట్లు పడుతున్నాయి, మనుషులకు అన్నం తీసుకుపోవాలి. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. "పద్దెనిమిదేళ్ళు నిండకపోతే ఫోన్లో ఖాతాకు అమ్మానాన్నల అనుమతి ఉండాలంట తాతా. పిల్లల దినోత్సవం నాడే ఆ రూల్సు ఇచ్చారంట. మరి మమ్మల్నెవరూ అడగలేదే? కంపెనీ వాళ్ళనైనా అడిగారా?" అన్నావు.

కంపెనీ వాళ్ళను అడిగారమ్మా. అడక్కపోయినా వాళ్ళే పోయి చెప్పుకుంటారు. ఎట్లా చెప్పుకుంటారో తెలియాలంటే నాతో మన కాలవ గట్టు మీదికి రావాలి.

కనిగిరి రిజర్వాయరు కింద మన పొలం శివారు. అంటే నీళ్ళు అందరి చేలూ తడిపి చివరికి మన దగ్గరికొస్తాయి. నా పదో ఏట ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్ళు తక్కువ పడ్డాయి. అట్లాంటప్పుడు వంతులు పెడతారు. పైచేలకు ఇన్ని రోజులు, నడిమి చేలకు ఇన్ని, శివారుకు ఇన్ని అని కాగితం రాయాల్సింది కాలవల ఆఫీసరు, ఓవర్సీరు. ఆయన కొత్తగా వచ్చాడు. ఏ గట్టు కారుతుందో, ఏ తూము తలుపు తుప్పు పట్టిందో, ఏ మడి నీళ్ళు నిలపదో ఆయనకు తెలీదు. ఇవన్నీ బాగా తెలిసిన మనిషి పైచేని ఆసామి. ఓవర్సీరును ఇంటికి పిలిచి మోళగొలుకుల బియ్యం అన్నం, చేపల పులుసు పెట్టాడు. ఆ ఇంటి అరుగు మీదే వంతుల కాగితం తయారైంది.

లంచం ఇచ్చాడని నేననను. ఒక్క రూపాయి కూడా చేతులు మారి ఉండకపోవచ్చు. ఓవర్సీరు అడిగాడు, ఆయన తెలిసింది చెప్పాడు. చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. కాకపోతే తన చేను వైపు నుంచి చూసి చెప్పాడు. శివారు వైపు నుంచి చూసి చెప్పే మనిషి ఆ అరుగు మీద లేడు. అంతే జరిగింది.

మా చేను అప్పుడు పొట్ట మీదుంది. నాయన లాంతరు పట్టుకుని రాత్రిళ్ళు పిల్లకాలవ వెంట నడిచేవాడు, వెనక నేను. నీళ్ళొచ్చే చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడేవాళ్ళం. కప్పలు అరిచేవి గానీ నీళ్ళ చప్పుడు లేదు. ఆ ఏడు గింజ తాలయింది. అవ్వ చేటలో పోసి చెరిగితే సగం గాలికే పోయింది.

ఇప్పుడు పైచేని ఆసామి ఉన్నచోట గూగులునో ఫేస్‌బుక్కునో పెట్టి చూడండి. చట్టం రాసే ఆఫీసర్లు తెలివి తక్కువ వాళ్ళు కారు. అయినా ఫోన్ లోపల ఏం జరుగుతుందో ఆ కంపెనీ ఇంజినీర్లకు తెలిసినంత బయటివాళ్ళకు తెలీదు. కాబట్టి అడగాల్సిందే. అడిగితే వాళ్ళు తమ చేను వైపు నుంచి చూసి చెబుతారు. డబ్బు కంటే ఈ తెలిసుండడమే వాళ్ళ పెద్ద బలమని నా నమ్మకం.

ఓవర్సీరు రిటైరయ్యాక అదే ఆసామి ఇంట్లో లెక్కలు రాసే పనికి కుదిరితే ఎట్లుంటుంది? బ్రిటన్‌లో 2010 నుంచి 2015 దాకా ఉప ప్రధానిగా చేసిన నిక్ క్లెగ్ 2018లో ఫేస్‌బుక్‌లో చేరాడు. చట్టప్రకారం అందులో తప్పేం లేదు. కానీ శివారు రైతుకు నిద్ర పట్టదు.

ఒక్కోసారి ఆసామి తూముకే అడ్డం కూర్చుంటాడు. ఆస్ట్రేలియాలో పత్రికల వార్తలు వాడుకున్నందుకు వాళ్ళకు డబ్బివ్వాలని చట్టం తెస్తుంటే, 2021 ఫిబ్రవరి 18న ఫేస్‌బుక్ ఆ దేశంలో వార్తలన్నీ ఆపేసింది. వాటితోపాటు వాతావరణ శాఖ పేజీ కూడా ఖాళీ అయింది. వారం తిరక్కముందే ప్రభుత్వం చట్టంలో కొన్ని మార్పులకు ఒప్పుకుంది, ఆ తర్వాత వార్తలు తిరిగొచ్చాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి మేం రేడియో చుట్టూ మూగి కూర్చున్నాం. ఆ రేడియో ఎవరో ఒక ఆసామి చేతిలో ఉండి, ఆయనకూ ప్రభుత్వానికీ తగాదా వచ్చి నొక్కేసి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే శివారు వాళ్ళు గెలిచిన కథ కూడా ఉంది. మీ నాన్న అప్పట్లో నాకు చదివి వినిపించాడు. 2015లో ఫేస్‌బుక్ మన దేశంలో ఒక పథకం పెట్టింది, ఫ్రీ బేసిక్స్ అని. డేటా డబ్బులు లేకుండానే ఇంటర్నెట్ ఇస్తామన్నారు. ఇంటర్నెట్ అంటే మొత్తం కాదు, ఆ పథకంలో చేరిన సైట్లు మాత్రమే. కాలవ నీళ్ళు ఉచితమే, కానీ మేం చెప్పిన మడికే పారతాయి అన్నట్టు. ఒక్కో సైటుకు ఒక్కో రేటు పెట్టొచ్చా అని ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీలకు రూల్సు పెట్టే ప్రభుత్వ సంస్థ, జనాన్ని అడిగింది. ఫేస్‌బుక్ పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చింది. తన వినియోగదారుల చేత, ఒక్క నొక్కు నొక్కితే చాలు, ట్రాయ్‌కి లక్షల్లో ఉత్తరాలు పంపించింది. అవి అడిగిన ప్రశ్నలకు జవాబులు కావని ట్రాయ్ చెప్పింది. ఇంకోవైపు మామూలు కుర్రాళ్ళు, లాయర్లు, చిన్న కంపెనీల వాళ్ళు పట్టుబట్టి రాశారు. అంతకు కొన్ని నెలల ముందు ఇట్లాంటి ప్రశ్న మీదే పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు పోయాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తీర్పు చెప్పింది, సైటును బట్టి డేటా రేటు మార్చడానికి వీల్లేదని. ఫ్రీ బేసిక్స్ మన దేశం నుంచి వెళ్ళిపోయింది.

ఆ కథలో నాకు బాగా నచ్చింది గెలుపు కాదు. ఎవరేం రాశారో ట్రాయ్ తన సైట్లో పెట్టింది, ఎవరైనా చదువుకోవచ్చు. మా నాయన చేసిందీ అదే. తాలు గింజల ఏడు గడిచాక శివారు రైతులు పదిమందిని వెంటేసుకుని పోయి, వంతులు రచ్చబండ దగ్గర అందరూ వినేటట్టు చదవాలని, ఆ కాగితం తూము దగ్గర అంటించాలని పట్టుబట్టాడు. ఆసామిని మాట్లాడొద్దనలేదు. "నువ్వూ అక్కడికే వచ్చి చెప్పు" అన్నాడు. ఆయనా వచ్చాడు, చెప్పాడు. అందరి ముందూ చెప్పేసరికి ఆయన అడిగిన రోజులు కూడా తగ్గాయి.

ఇక నీ చట్టం సంగతి అమ్ములూ. మన సొంత వివరాలను, అంటే వ్యక్తిగత డేటాను, కాపాడే చట్టం అది. 2023లో పార్లమెంటు చేసింది, రూల్సు 2025 నవంబరులో వచ్చాయి. పిల్లల ఖాతాకు అమ్మానాన్నల అనుమతి సంగతి అమల్లోకి రావడానికి రూల్సు వచ్చిన నాటి నుంచి ఏడాదిన్నర గడువు పెట్టారు. పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదని, వాళ్ళ వెంటబడి గమనించకూడదని కూడా అందులో ఉంది. అది మంచి మాట. పద్దెనిమిది మరీ ఎక్కువ, తగ్గించండి అని కంపెనీల సంఘాలు అడిగాయి. భద్రంగా నడుపుతుందని తేలిన కంపెనీకి ఆ వయసు తగ్గించే వీలు చట్టంలో ఉంచారు. రూల్సు చిత్తు మీద 2025 మొదట్లో జనాన్నీ అడిగారు, కావాలంటే నువ్వూ రాసే వీలుండింది. కానీ ఎవరేం రాశారో బయటపెట్టం అని ముందే చెప్పారు. అక్కడ నాకు కష్టంగా ఉంది. ఏ కంపెనీ ఏ వాక్యం అడిగిందో, ఏది దొరికిందో మనకెట్లా తెలుస్తుంది? అమెరికాలో 1995 నుంచి ఒక చట్టముంది. ప్రభుత్వం దగ్గర మాట చెప్పించుకోవడానికి ఎవరికి ఎంత ఖర్చు పెట్టారో కంపెనీలు లెక్క చూపాలి. ఆ లెక్క చూపినంత మాత్రాన అక్కడ ఆసాములు తగ్గలేదు, కానీ అరుగు మీద ఎవరు కూర్చున్నారో కనిపిస్తుంది. మన దేశంలో అట్లాంటి చట్టం ఇంకా లేదు.

ఇంతకంటే నేను చెప్పలేను. మీరు చెయ్యాల్సింది రెండు పనులు. నాన్న పక్కన కూర్చుని ట్రాయ్ సైటు తెరిచి, అక్కడున్న ఉత్తరాల్లో ఒక పెద్ద కంపెనీది, ఒక మామూలు మనిషిది చదవండి. చదివి ఎవరు ఏ చేను వైపు నుంచి మాట్లాడుతున్నారో నాకు రాయండి.

రెండోది, సంక్రాంతికి వచ్చినప్పుడు తెల్లారకముందే లేవాలి. తూము దగ్గరికి తీసుకుపోతాను. పొగమంచులో నీళ్ళు కనిపించవు, చప్పుడొక్కటే వినిపిస్తుంది. ఆ చప్పుడు పట్టుకుని పిల్లకాలవ వెంట మన చేను దాకా నడవాలి. గట్టు బురదగా ఉంటుంది, చెప్పులు ఇంటి దగ్గరే విడిచి రండి.

ప్రేమతో,
తాత