పొద్దెక్కాక లేచిన పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు హాస్టలు నుంచి మొన్న రాత్రి ఇంటికి వచ్చిన మా మనవరాలు మరునాడు తొమ్మిదిన్నరకు నిద్ర లేచింది. లేస్తూనే గోడ గడియారం వైపు చూసి, "తాతయ్యా, నన్నెందుకు లేపలేదు? ఇంత పొద్దెక్కేదాకా పడుకున్నానా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. ముఖం కడుక్కుని, పాలు కూడా తాగకుండా పుస్తకం ముందు కూర్చుంది గాని, గంట గడిచినా ఒక్క పేజీ తిప్పలేదు. ఏదో తప్పు చేసి పట్టుబడినట్లు ఆ రోజంతా ముభావంగానే ఉండిపోయింది. ఆ పిల్ల ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి, అయిదింటికల్లా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, రాత్రి పదిన్నర దాటితే గాని పుస్తకం మూయనివ్వని చోట పదహారు నెలలుగా ఉంటోంది.

ఆ రోజు నేను దానికి చెప్పగలిగింది కొంచెమే. ముప్పై ఏళ్లకు పైగా బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి, చెప్పవలసింది ఇంకా చాలా ఉందని నాకు తెలుసు. సెలవులకు ఇల్లు చేరి, మామూలు కంటే ఎక్కువసేపు నిద్రపోయి, లేచాక మనసులో కుమిలిపోయే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క చూద్దాం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్రా వైద్యుల సంఘం 2016లో ప్రకటించింది. మా మనవరాలు హాస్టల్లో పదకొండుకు పడుకుని నాలుగున్నరకు లేస్తే దక్కేది అయిదున్నర గంటలు. కనీసపు అవసరంతో పోల్చినా రోజుకు రెండున్నర గంటలు తక్కువ, వారానికి పదిహేడు గంటలకు పైగా తక్కువ. ఇంటికి వచ్చిన రాత్రి అది నిద్రపోయింది పదకొండు గంటలు. నెలల తరబడి పేరుకున్న బాకీలో ఆ ఒక్క రాత్రి తీరింది ఏపాటిదో మీరే ఆలోచించండి. బాకీ తీర్చినందుకు ఎవరైనా సిగ్గుపడతారా?

ఈ బాకీ శరీరంలో ఎక్కడ జమ అవుతుందో కూడా తెలుసుకోండి. మనం మెలకువగా ఉండి పని చేస్తున్నంతసేపూ మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తాయి, ఆ ఖర్చు వల్ల అడినోసిన్ అనే పదార్థం మెదడులో కొద్దికొద్దిగా పోగవుతుంది. అది ఎంత పెరిగితే నిద్ర అంత బలంగా ముంచుకొస్తుంది, పడుకున్నాక అది క్రమంగా తగ్గుతుంది. మీరు రాత్రివేళ తాగే టీ, కాఫీ ఆ పదార్థాన్ని తీసివేయవు. మెదడు దాన్ని గుర్తించే ద్వారాలకు కాసేపు అడ్డుపడతాయి, అంతే. అడ్డు తొలగగానే అంతవరకు కనబడని అలసట ఒక్కసారిగా మీద పడుతుంది. పరీక్షల ముందు రాత్రుళ్లు టీతో నెట్టుకొచ్చిన పిల్లలు పరీక్షలు అయిపోయిన రోజు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. దానికి బద్ధకమని పేరు పెట్టిన పెద్దలనూ చూశాను.

శరీరం తన బాకీని ఎలా వసూలు చేసుకుంటుందో చెప్పడానికి పాఠం చెప్పే రోజుల్లో నేను ఒక కుర్రవాడి సంగతి చెప్పేవాణ్ణి. 1963 డిసెంబరు చివర మొదలుపెట్టి 1964 జనవరి దాకా, అమెరికాలోని శాన్ డియేగో నగరంలో రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ల విద్యార్థి బడిలో సైన్సు ప్రదర్శన కోసం 264 గంటలు, అంటే పదకొండు రోజులు నిద్రపోకుండా ఉన్నాడు. నిద్రను పరిశోధించే విలియం డిమెంట్ అనే శాస్త్రవేత్త దగ్గరుండి గమనించాడు. రోజులు గడిచేకొద్దీ ఆ పిల్లవాడికి చిరాకు పెరిగింది, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతిన్నాయి. చివరికి పడుకున్నప్పుడు అతడు నిద్రపోయింది పద్నాలుగు గంటలకు కొంచెం ఎక్కువ. పోగొట్టుకున్న గంటలన్నీ అతడు తిరిగి నిద్రపోలేదు. శరీరం ఆ గంటలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి అడగలేదు. గాఢనిద్రను, కలల నిద్రను మామూలు కంటే ఎక్కువ పాళ్లలో తీసుకుని, తనకు చాలినప్పుడు తానే లేచింది. ఎంత తీసుకోవాలో దానికి తెలుసు. ఈ పని మీరెవరూ చేసి చూడకండి. ప్రమాదకరమని తెలిశాక గిన్నిస్ వారు కూడా ఇలాంటి రికార్డులను స్వీకరించడం మానేశారు.

మీ వయసుకు మాత్రమే చెందిన సంగతి ఇంకొకటి ఉంది, మన ఇళ్లలో ఎక్కువమందికి ఇది తెలియదు. కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, మెదడులో, ఇరవై వేల దాకా కణాలున్న చిన్న గుంపు ఒకటి శరీరానికి గడియారంలా పనిచేస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదలయ్యేటట్లు చేసి, రాత్రి అయిందని ఒంటికంతటికీ కబురు పంపేది అదే. యుక్తవయసు రాగానే ఈ గడియారం కొంత వెనక్కి జరుగుతుంది, అందువల్ల చిన్నపిల్లలకు తొమ్మిదింటికి వచ్చే నిద్ర మీకు పదకొండు దాకా రాదు. ఉదయపు మెలకువ కూడా అదే లెక్కన ఆలస్యమవుతుంది. మా వయసువారికి గడియారం ముందుకు జరుగుతుంది కాబట్టి నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. మేము లేచి కూర్చుని మీ మంచం వైపు చూసి, "ఈ కాలం పిల్లలు" అని నిట్టూర్చడంలో న్యాయం లేదు. మాకు వచ్చిన మెలకువ మేము కష్టపడి సాధించుకున్నది కాదు, మీకు వచ్చిన నిద్ర మీరు చేసిన నేరమూ కాదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ సంగతిని పరిగణించి, ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదని చట్టమే చేశారు, అది 2022 జులైలో అమలులోకి వచ్చింది. మన చోట అదే వయసు పిల్లలు ఎనిమిదిన్నరకు మూడున్నర గంటల ముందే పుస్తకాల ముందు కూర్చుంటున్నారు. ఇది నాకు మనసును నొప్పించే విషయం.

ఎక్కువసేపు పడుకుని లేచినప్పుడు తల బరువుగా, ఒళ్లు మొద్దుబారినట్లుగా ఉంటుంది. మీరు దాన్ని అతినిద్రకు పడిన శిక్ష అనుకుంటారు. గాఢనిద్రలోంచి లేచిన మెదడు పూర్తిగా మేలుకోవడానికి పావుగంట నుంచి అరగంట దాకా పట్టడం సహజం, నిద్ర బాకీ ఉన్నవారిలో ఆ మాంద్యం ఇంకా ఎక్కువ. ఆ అరగంటలోనే మీరు గడియారం చూస్తారు, ఆ అరగంటలోనే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మొదలుపెడతారు. మా మనవరాలు పుస్తకం ముందు కూర్చున్నదీ అప్పుడే. ముఖం కడుక్కుని, ఎండ పడే చోట కాసేపు తిరిగి, ఏదైనా తిన్న తర్వాత వచ్చే ఆలోచనలను నమ్మండి గాని, పక్క మీద కూర్చున్నప్పుడు వచ్చే ఆలోచనలను నమ్మకండి.

ఈ అపరాధ భావం మీలో మీ అంతట మీరు పుట్టించుకున్నది కాదు, మేమే మీకు ఇచ్చాం. పొద్దెక్కి లేస్తే జ్యేష్ఠాదేవి ఇంట్లోకి వస్తుందని అన్నాం, కుంభకర్ణుడితో పోల్చాం, బ్రాహ్మీ ముహూర్తంలో చదివింది మరవరని చెప్పాం. చివరి మాటలో మంచి ఉంది గాని, అది పుట్టిన రోజుల్లో ఇంట్లో ఆముదపు దీపమో, కిరోసిన్ బుడ్డో ఆరిపోగానే, రాత్రి ఎనిమిదింటికే ఊరంతా పడుకునేది. ఎనిమిదింటికి పడుకున్నవాడు నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటల నిద్ర పూర్తవుతుంది. పడుకునే వేళను పదకొండుకు జరిపి, లేచే వేళను మాత్రం పూర్వకాలం నుంచి అరువు తెచ్చుకోవడం పెద్దలు చెప్పిన దారి కాదు.

ఆ పెద్దలు నిద్రను తక్కువ చేసి చూడనూ లేదు. చరక సంహిత సూత్రస్థానం ఆహారంతో పాటు నిద్రను కూడా శరీరాన్ని నిలబెట్టే మూడు ఆధారాలలో ఒకటిగా లెక్కించింది. సుఖదుఃఖాలు, బలం, బలహీనత మాత్రమే కాదు, జ్ఞానం, అజ్ఞానం కూడా నిద్ర మీదే ఆధారపడి ఉంటాయని అదే గ్రంథం చెబుతుంది. అకాలపు నిద్రను, అతినిద్రను అది మందలిస్తుంది. అయినా పగటి నిద్ర ఎవరికి తగునో చెప్పేటప్పుడు మాత్రం పిల్లలను, వృద్ధులను, బరువులు మోసి అలసినవారిని, దూరం నడిచినవారిని, రాత్రి మేలుకున్నవారిని పేర్కొంటూ, వారితో పాటు అధ్యయనంతో అలసినవారిని కూడా చేర్చింది. చదువు కూడా ఒంటిని అలసట పెట్టే శ్రమేనని రెండువేల ఏళ్ల నాటి వైద్యులకు తెలిసిన మాట మనం మరిచిపోయాం.

మా అన్నయ్య రైతు. పొలానికి కరెంటు రాత్రివేళ ఇచ్చే రోజుల్లో ఒంటిగంటకో, రెండింటికో లేచి, టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్లేవాడు, మడులన్నీ తడిపి తెల్లవారాక ఇంటికి వచ్చి పడుకునేవాడు. పది దాటినా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు, మా అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగేది. ఆయన కాళ్లకు అంటిన బురద అందరికీ కనబడేది. మీ అలసటకు బురద అంటదు, మీరు మోసేది భుజాల మీద కనబడదు. అందుకే చూసేవారికే కాదు, మీకు కూడా మీ అలసట మీద నమ్మకం కలగదు.

మన తెలుగు ఆడవాళ్లు పాడుకునే పాటల్లో ఊర్మిళ కథ విన్నారా? అడవిలో లక్ష్మణుడు అన్నావదినెలకు కాపలాగా పద్నాలుగేళ్లు కన్ను మూయకుండా ఉంటే, ఆయన పోగొట్టుకున్న నిద్రంతా ఇంటి దగ్గర ఊర్మిళకు వచ్చింది. పద్నాలుగేళ్లు పడుకున్న ఆమెను తిట్టుకుంటూ ఎవరూ పాడలేదు, పైగా ఆమె మేలుకునే ఘట్టాన్ని ఎంతో మురిపెంగా పాడుకున్నారు. మెలకువకు మూల్యం ఎక్కడో ఒకచోట నిద్రగా చెల్లించక తప్పదని ఆ పాట కట్టినవారికి తెలుసు. మిమ్మల్ని ఎవరైనా కుంభకర్ణుడని అంటే, మీరు ఊర్మిళను తలుచుకోండి.

చదువు పోతుందన్న దిగులుకు కూడా జవాబు ఉంది. పగలు చదివిన విషయాలను మెదడు నిద్రలోనే సర్దుకుని, నిలవ చేసుకుంటుంది. మొదటి సగం రాత్రిలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారే వేళకు కలల నిద్ర ఎక్కువ. నాలుగున్నరకు లేచిన పిల్లలకు ఎక్కువగా తెగిపోయేది ఆ రెండో భాగమే. ఆ నష్టం తీర్చుకునే ఉదయాన్ని "వృథా చేశాను" అని మీరు లెక్క రాసుకుంటున్నారు. ఆ రాత్రి "ఈ రోజు నష్టపోయాను" అని మరో రెండు గంటలు మేలుకుని చదువుతారు, మళ్లీ బాకీ మొదలవుతుంది. అపరాధ భావం చేసే అసలు హాని ఇదే.

అయితే, ఎంత నిద్ర అయినా మంచిదేనని నేను చెప్పడం లేదు. సెలవులు మొత్తం రాత్రి రెండింటి దాకా ఫోను చూసి, మధ్యాహ్నం లేచే అలవాటు పడితే మీ లోపలి గడియారం ఇంకా వెనక్కి పోతుంది, హాస్టలుకు తిరిగి వెళ్లిన మొదటి వారం నరకంలా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు శరీరం అడిగినంత ఇచ్చి, తర్వాత పడుకునే వేళను ముందుకు తీసుకురండి. మధ్యాహ్నం ఒక్క అరగంట కునుకు తీయండి, ఉదయపు వెలుగు కళ్లకు తగలనివ్వండి. బాకీ ఏమీ లేకుండా, వారాల తరబడి పది పదకొండు గంటలు పడుకున్నా అలసట తీరకపోతే, లేదా లేచి ఏ పనీ చేయాలనిపించని దిగులు వెంటాడుతూ ఉంటే, దాచుకోకుండా ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఎందరు పిల్లలు తమ రక్తంలో ఉన్న లోపాన్ని తమ గుణంలో ఉన్న లోపంగా భావించి బాధపడుతున్నారో అనుకుంటే నాకు దుఃఖం వస్తుంది.

ఇప్పుడు ఉదయం ఏడున్నర అయింది. మా మనవరాలు ఇంకా లేవలేదు. వాళ్లమ్మ రెండుసార్లు తలుపు దాకా వచ్చి, నన్ను చూసి వెళ్లిపోయింది. గోడ గడియారాన్ని నిన్న సాయంత్రమే ఆ గదిలోంచి తీయించి వరండాలో పెట్టించాను. ఈ ఉత్తరాన్ని మీ ఇంట్లో పెద్దలకు కూడా చూపించండి. రేపు మీరు లేచి వచ్చినప్పుడు ఎన్నింటికి లేచావని కాకుండా, ఒంట్లో ఎలా ఉందని అడగమని నా మాటగా వారికి చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య