అరుగు మీద చోటు

చిరంజీవి చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

హిట్లర్ పాఠం చదివాక నువ్వు ఫోనులో అడిగావు: "యూదులను తరుముతుంటే, రమ్మన్న దేశం ఒక్కటీ లేదా తాతయ్యా?" నాలుగు రోజులుగా అదే ఆలోచన.

1938 జులైలో ముప్పైకి పైగా దేశాలు ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో సమావేశమై జాలి చూపాయి. చోటు మాత్రం లేదన్నాయి, ఏదో ఒకటీ రెండూ తప్ప. అయినా ఒక ఊరుంది. చైనాలోని షాంఘై.

మన పాత ఇంటి అరుగు గుర్తుందా? నా చిన్నప్పుడు ఒక ముసురు రాత్రి, కుండల బండితో వెళ్తున్న కుటుంబం ఆ అరుగెక్కింది. తలుపు తట్టలేదు, అడగలేదు. అరుగు ఉన్నదే అందుకు. మా నాయనమ్మ లాంతరు, కుంపటిలో నిప్పులు తెచ్చి పెట్టింది. ఆ తల్లి పిల్లవాడి చొక్కాను సెగకు పట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టడం గడప మీద కూర్చుని చూశాను.

షాంఘై అలాంటి అరుగు. రేవులో దిగితే వీసా అడిగేవారు లేరు. కానీ అది చల్లగా ఉన్న ఇంటి అరుగు కాదమ్మా. 1937లో జపాన్ దాడి చేసింది. షాంఘైలోని హోంగ్‌కౌ పేట బాంబులకు కూలింది. చైనావాళ్ళే ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. ఆ కురుస్తున్న ఇంటి అరుగు మీదే, వాళ్ళ పక్కనే, దాదాపు 18,000 మంది యూదులు తలదాచుకున్నారు.

మరి హిట్లర్ చేతిలోకి వెళ్ళిన ఆస్ట్రియాలోని వియన్నాలో, చైనా కాన్సల్ జనరల్, అంటే ఆ దేశం తరఫున వీసాలిచ్చే అధికారి, హో ఫెంగ్‌షాన్ వేల వీసాలు ఎందుకిచ్చారు? అరుగెక్కడానికి చీటీ అక్కర్లేదు, అంటుకున్న ఇంట్లోంచి బయటపడడానికి కావాలి. ఎక్కడికి వెళ్తారో కాగితం చూపితేనే నాజీలు వదిలేవారు. పదిహేడేళ్ళ కుర్రాడొకడు యాభై కాన్సులేట్ల చుట్టూ తిరిగి, చివరికి ఆయన దగ్గరే తనవాళ్ళందరికీ 20 వీసాలు తెచ్చుకున్నాడు. బెర్లిన్‌లోని పై అధికారి ఆపమన్నా హో ఆపలేదు. 1997లో కన్నుమూసేదాకా ఆ సంగతి ఎక్కడా చాటుకోలేదు. ఎవరికైనా సాయం చేసినప్పుడు నువ్వూ అలాగే ఉండు తల్లీ.

1943లో జపాన్ సైన్యం ఆ శరణార్థులను హోంగ్‌కౌలోనే ఒక ఇరుకు హద్దులో ఉంచింది. బయటికి వెళ్ళాలంటే పాసు కావాలి. అక్కడికొచ్చేసరికి నా అరుగు చాలడం లేదు. కాపలా ఉన్న అరుగును నేను చూడలేదు.

ఇప్పుడు అట్లాసు తెరు. ఇటలీలో ట్రియెస్టె రేవు మీద వేలు పెట్టి, సూయజ్ కాలువ దాటించు. బొంబాయిలో ఒక్క క్షణం ఆపు, ఆ ఓడలు అక్కడా ఆగేవి. తర్వాత కొలంబో, సింగపూర్, హాంకాంగ్, షాంఘై. దారి ఎంత పొడవుందో దారంతో కొలిచి, ఆ దారం ముక్కను నాకు పంపు.

మీ తాతయ్య