“మనకో నియంత కావాలి సార్”: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్‌కీ, సివిల్స్‌కీ చదివే పిల్లలకు పాలిటీ, ఎథిక్స్ చెబుతుంటాను. ఏ బ్యాచ్ అయినా రెండో వారం తిరిగేలోపు ఎవరో ఒకరు లేచి, “సార్, ఈ దేశానికి ఓ పదేళ్లు నియంత ఉండాలి సార్” అంటారు. క్లాసంతా నవ్వుతుంది, సగం మంది తలూపుతారు. శంకర్ విలాస్ సెంటర్లో అరగంట ఇరుక్కుని వచ్చిన రోజు నాకూ అలాగే అనిపిస్తుంది, దాచేదేముంది. అందుకే ఆ మాటన్నవాణ్ని కసరను. ఏ నియంతను, దేనికి మెచ్చుకుంటున్నావో చెప్పమంటాను. అప్పుడు వచ్చే జవాబులు చాలావరకు ఇవే.

అపోహ: నియంత ఉంటే రైళ్లు టైముకు నడుస్తాయి, రోడ్లు పడతాయి.

వాస్తవం: ఇటలీ నియంత ముస్సోలినీ 1922లో గద్దెనెక్కేనాటికే యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీ రైల్వేల మరమ్మతులు చాలావరకు అయిపోయాయి. జర్మనీలో కొలోన్ నుంచి బాన్‌కు వేసిన హైవేని 1932 ఆగస్టులో ప్రారంభించింది కొలోన్ మేయర్ అడెనావర్. హిట్లర్ వచ్చింది 1933 జనవరిలో. ముందువాళ్లు చేసిన పని మీద తన ఫొటో అంటించుకోవడం మనం చూడని విద్యేమీ కాదు.

హిట్లర్ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆయన ఆత్మకథను మన పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన పెడతారు. కొన్నవాళ్లు పూర్తిగా చదివినట్టు లేరు. ఇండియా ఇంకెవరి చేతిలోనో పడేకంటే ఇంగ్లీషువాళ్ల కింద ఉండటమే నయమని అందులోనే రాశాడు.

అపోహ: ఎమర్జెన్సీ రోజులే బాగుండేవి, మా తాతయ్య చెప్పాడు.

వాస్తవం: తాతయ్య అబద్ధం చెప్పలేదు. ఆయన చూసినంత వరకు అది నిజమే. ఆఫీసుల్లో గుమాస్తాలు పదింటికల్లా సీట్లలో ఉన్నారు, సమ్మెలు ఆగాయి. కానీ ఎమర్జెన్సీ మీద జనం తీర్పు చెప్పిన 1977 ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని 85 సీట్లలో, బీహార్‌లోని 54 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటి కూడా రాలేదు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం మాత్రం 42కి 41 ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి.

ఒకే ఎమర్జెన్సీకి రెండు తీర్పులెందుకు వచ్చాయి? 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో బలవంతం ఎక్కువగా జరిగింది ఉత్తరాదిన. పేపర్ల మీద సెన్సార్ ఉంది కాబట్టి అక్కడి సంగతులు ఇక్కడికి రాలేదు. ఇక్కడ మాత్రం ఏమీ జరగలేదా అంటే, జరిగింది. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో పోలీసులు నలుగురు విద్యార్థులను కాల్చి చంపారు. డిసెంబర్ 1న నక్సలైట్ ఉద్యమానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. వాళ్ల ఇళ్లలో ఎవరినైనా అడిగితే “ఆ రోజులే బాగుండేవి” అంటారా? దెబ్బ తగలనివాడి జ్ఞాపకం మీదే మన మెచ్చుకోలు నిలబడిందని నా అనుమానం.

అపోహ: లీ క్వాన్ యూని చూడండి. సింగపూర్ అలా తయారైందంటే ఆయన చండశాసనుడు కాబట్టే.

వాస్తవం: క్లాసులో నాకు నిజంగా చెమట పట్టించేది ఈయనే. ఇళ్లు కట్టించాడు, అవినీతిని అణిచాడు, 1959 నుంచి 1990 దాకా ప్రధానిగా ఉండి ఒక రేవు పట్నాన్ని ధనిక దేశంగా నిలబెట్టాడు. అమరావతికి మాస్టర్ ప్లాన్ సింగపూర్ నుంచి వచ్చినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

అయినా ఒక మనిషి కథ చెబుతాను. చియా థై పో ప్రతిపక్ష పార్లమెంటు సభ్యుడు. 1966లో అరెస్టు చేశారు. విచారణ లేకుండా 23 ఏళ్లు నిర్బంధంలో ఉంచారు. మేం చెప్పినట్టు సంతకం పెట్టు, వదిలేస్తామన్నారు, ఆయన పెట్టలేదు. 1989లో విడుదల చేశామని చెప్పి సెంటోసా దీవిలో ఒక చిన్న కాపలా గదిలో పెట్టారు. స్వేచ్ఛ పొందిన మనిషివి కాబట్టి ఆ గదికి అద్దె కట్టమన్నారు. ఆంక్షలన్నీ తొలగేసరికి 1998 వచ్చింది. మనవాళ్లు టూర్‌కెళ్లి సెల్ఫీలు దిగే సెంటోసా అదే.

ఇక్కడ నేను పిల్లల్ని ఒకటే అడుగుతాను. ఈయన్ని ఇరవై మూడేళ్లు లోపల ఉంచకపోతే ఆ ఇళ్లు కట్టడం ఆగిపోయేదా? ఆగదనుకుంటే ఇళ్లను మెచ్చుకో, జైలును మెచ్చుకోకు. నీకు నచ్చుతున్నది ఆ జైలే అయితే అది వేరే సంగతి. కొందరికి నిజంగానే అదే నచ్చుతుంది. “దండం దశగుణం భవేత్” అనే ఉత్సాహం వెనక, ఆ దండం తన వీపు మీద పడదనే ధీమా ఉంటుంది.

అపోహ: అడిగేవాడు లేకపోతే పనులు చకచకా అవుతాయి.

వాస్తవం: మన జిల్లా కథే చాలు. అడిగేవాడు లేని పాలనంటే ఈస్టిండియా కంపెనీ పాలనే కదా. 1832-33లో, నందన నామ సంవత్సరంలో డొక్కల కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలోని ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది 1855లో. ఇరవై ఏళ్లకు పైనే పట్టింది! ఎన్నికలూ, స్వేచ్ఛగా రాసే పేపర్లూ ఉన్న దేశంలో పెద్ద కరువు రాదని అమర్త్యసేన్ అన్నది ఇలాంటి చరిత్ర చూసే.

కాటన్ దొర విగ్రహానికి దండం పెట్టే గోదావరి రైతును మాత్రం నేను తప్పుపట్టను. ఆయన దండం నీళ్లిచ్చినందుకు, కంపెనీ రాజ్యం మళ్లీ రావాలని కోరడు.

అపోహ: అభిమానం నా ఇష్టం, అందులో తప్పొప్పులేముంటాయి?

వాస్తవం: నాకు ఇద్దరు స్టాలిన్లు తెలుసు, ఇద్దరివీ తెనాలి పక్క ఊళ్లే. ఒకాయన 1949లో పుట్టాడు, రెండో ఆయన 1971లో. 1949లో పేరు పెట్టిన తండ్రికి స్టాలిన్ అంటే హిట్లర్‌ను ఓడించిన మనిషి, అంతే. ఆ ఊళ్లో అంతకుమించి తెలిసే దారి లేదు. స్టాలిన్ తర్వాత సోవియట్ నాయకుడైన క్రుశ్చేవ్ 1956లో స్టాలిన్ అకృత్యాల మీద చేసిన ప్రసంగం తర్వాత సంగతులు బయటపడ్డాయి. 1937-38లోనే 6 లక్షల 80 వేల మందికి పైగా కాల్చి చంపినట్టు ఆ తర్వాత సోవియట్ రికార్డులే చెప్పాయి. 1971లో పేరు పెట్టిన తండ్రి క్రుశ్చేవ్ మాటలు విన్నవాడే. అవన్నీ అమెరికావాళ్ల కట్టుకథలని కొట్టిపారేశాడట. పేరు ఒకటే అయినా ఈ రెండు అభిమానాలకూ నేను ఒకే మార్కులు వేయలేను.

మొదటి తండ్రి పేరు మార్చలేదు. బళ్లో రాయించేశారు, ఇంకేం మారుస్తారు. కానీ సంగతులు తెలిశాక కొడుకుని ఆ పేరుతో పిలవడం మానేసి “చిన్నోడా” అనడం మొదలుపెట్టాడట. డెబ్బై దాటిన ఆ మనిషిని వాళ్లక్క ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తుంది.