మూడు ఫోన్లు, ఒకే జవాబు

యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లేయెన్ ఫోన్ మళ్లీ వార్తల్లోకెక్కింది. ఈసారి గొడవ సిగ్నల్ యాప్ గురించి. దక్షిణ అమెరికా దేశాల మెర్కోసుర్ కూటమితో వాణిజ్య ఒప్పందం వద్దంటూ ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2024 జనవరిలో ఆమెకు మెసేజ్ పెట్టారు. అప్పటికి ఫ్రాన్స్ రైతులు ట్రాక్టర్లతో రోడ్లెక్కి ఉన్నారు. ఆ మెసేజ్ కాపీ ఇమ్మని ఒక విలేకరి అడిగితే యూరోపియన్ కమిషన్ తన దగ్గర లేదంది. కొంత గడువు దాటాక మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా సెట్టింగ్ పెట్టారట. భద్రత కోసమట, ఫోన్‌లో జాగా మిగలడం కోసం కూడానట. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ పూలతో ఫోన్ నిండిపోయే మనకు జాగా కష్టం తెలియంది కాదు. కానీ ఈ ఫోన్ 27 దేశాల తరఫున ఒప్పందాలు నడిపే మనిషిది. దీనిపై, యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే యూరోపియన్ అంబుడ్స్‌మన్ 2025లో విచారణ మొదలుపెట్టారు.

2026 గణతంత్ర వేడుకలకు ముఖ్య అతిథుల్లో ఒకరిగా ఢిల్లీ వచ్చి, భారత్‌తో వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని ప్రకటించిన మనిషిగా ఆమె మనవాళ్లకు పరిచయమే. డాక్టరు చదువు, ఏడుగురు పిల్లలు, ముఖ్యమంత్రిగా చేసిన తండ్రి, జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ మంత్రివర్గంలో పద్నాలుగేళ్లు: ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే కమిషన్ ఉండే బ్రస్సెల్స్ కంటే ముందు బెర్లిన్‌కు, ఆమె నడిపిన రక్షణ శాఖకు వెళ్లాలి.

2013 డిసెంబరులో ఆ శాఖ ఆమె చేతికొచ్చింది. జర్మనీలో ఒక మహిళ రక్షణ మంత్రి కావడం అదే మొదలు. ఎగరని హెలికాప్టర్లు, ఏళ్ల తరబడి ఆలస్యమయ్యే కొనుగోళ్లు ఆ శాఖకు మామూలే. పాత అధికారులతో ఇది తెమలదని ఆమె బయటివాళ్లను తెచ్చుకున్నారు. మెకిన్సీ కన్సల్టెన్సీ నుంచి కాత్రిన్ సూడర్‌ను 2014లో నేరుగా శాఖ కార్యదర్శి స్థాయి పదవిలో కూర్చోబెట్టారు. ఆమె వెనకాలే కన్సల్టెంట్లూ వచ్చారు. కోట్ల యూరోల సలహా కాంట్రాక్టులు సరైన టెండర్ లేకుండా, అవసరమేమిటో తేల్చకుండా ఇచ్చారని 2018లో అక్కడి ఆడిట్ సంస్థ తప్పుబట్టింది. 2019 జనవరిలో జర్మనీ పార్లమెంటు రక్షణ కమిటీ విచారణ కమిటీగా మారింది.

అంతలో ఆ వేసవిలోనే ఆమెకు బ్రస్సెల్స్ నుంచి పిలుపొచ్చింది. కమిషన్ అధ్యక్ష పదవికి ఆమె పోటీలోనే లేరు. యూరప్ ఎన్నికల్లో ఆమె కూటమి తన అభ్యర్థిగా చూపింది మాన్‌ఫ్రెడ్ వెబర్‌ను. ఆయనను మాక్రాన్ ఒప్పుకోలేదు. సోషలిస్టు టిమ్మర్‌మాన్స్‌ను తూర్పు దేశాలు, ఇటలీ ఒప్పుకోలేదు. సభ్య దేశాల నేతలు మూడు రోజులు తలుపులు మూసుకుని బేరాలాడాక, జులై 2న ఎవరూ ఊహించని పేరు బయటికొచ్చింది. జులై 16న యూరోపియన్ పార్లమెంటులో 374 ఓట్లు కావాల్సి ఉంటే ఆమెకు 383 వచ్చాయి. తొమ్మిది ఓట్ల తేడాతో గట్టెక్కారు.

బెర్లిన్‌లో విచారణ మాత్రం ఆగలేదు. కమిటీ ఆమె అధికారిక ఫోన్ కావాలంది. ఆమె శాఖ వదిలాక ఆగస్టులో ఆ ఫోన్‌లోని డేటా తుడిచేశారని డిసెంబరులో తెలిసింది. ఆధారాలు మాయం చేశారని ప్రతిపక్షం మండిపడింది. 2020 ఫిబ్రవరిలో ఆమె బ్రస్సెల్స్ నుంచి వచ్చి సాక్ష్యమిచ్చారు. కాంట్రాక్టుల విషయంలో పొరపాట్లు జరిగాయన్నారు. ఫోన్‌లో విచారణకు పనికొచ్చేదేమీ లేదన్నారు. ఉందో లేదో చూడటానికి ఫోన్‌లో ఏమీ మిగల్లేదు కాబట్టి, ఆ మాట నమ్మడమో మానడమో తప్ప ఇంకేం చేయగలరు? అధికార కూటమి సభ్యులు నమ్మారు, ప్రతిపక్షం నమ్మలేదు. కేసు అంతటితో చల్లబడింది.

ఆమె బెర్లిన్ నుంచి ఒంటరిగా రాలేదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. రక్షణ శాఖలో తన పేషీ చూసిన బియర్న్ సీబర్ట్‌ను తెచ్చి బ్రస్సెల్స్‌లోనూ పేషీ అధిపతిని చేశారు. మీడియా వ్యవహారాలు చూసే మనిషీ అక్కడి నుంచే వచ్చారు. నిర్ణయాలన్నీ ఆ ఇద్దరు ముగ్గురి మధ్యే తేలిపోతాయని సొంత కమిషనర్లే గొణుక్కునేవారు.

రెండో ఫోన్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. 2021 వసంతంలో టీకాల కొరతతో యూరప్ సతమతమవుతుంటే, ఫైజర్ అధిపతి ఆల్బర్ట్ బౌర్లాతో ఆమె నెల రోజులపాటు ఫోన్లలో, మెసేజ్‌లలో మాట్లాడి ఒప్పందానికి దారి వేశారు. ఈ సంగతి ఆ ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆమే ఆ మాట చెప్పారు. మే నెలలో సంతకాలయ్యాయి: 90 కోట్ల డోసులు ఖాయం, కావాలంటే మరో 90 కోట్లు. మామూలుగా ఇలాంటి బేరం సభ్య దేశాల ప్రతినిధులున్న బృందం చేయాలి. ఈ ఒక్క ఒప్పందంలో తొలి చర్చల వివరాలు అడిగితే కమిషన్ ఇవ్వలేదని 2022 సెప్టెంబరులో యూనియన్ లెక్కలు తనిఖీ చేసే యూరోపియన్ ఆడిటర్ల కోర్టు రాసింది.

మెసేజ్‌లు చూపమని అడిగితే కమిషన్ చెప్పిన జవాబు బెర్లిన్‌లో విన్నదానికి దగ్గరి చుట్టమే. మెసేజ్‌లు క్షణికమైనవి, ముఖ్యమైన విషయమేదీ వాటిలో ఉండదు, అందుకే రికార్డులకెక్కించం, కాబట్టి మా దగ్గర లేవు. అంబుడ్స్‌మన్ ఎమిలీ ఓరైలీ 2022 జనవరిలో దీన్ని పాలనా లోపమన్నారు. కమిషన్ వెతకాల్సిన రీతిలో వెతకనేలేదని ఆమె తేల్చారు. న్యూయార్క్ టైమ్స్ కోర్టుకెక్కింది. 2025 మే 14న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు, మెసేజ్‌లు ఎందుకు లేవో కమిషన్ నమ్మదగిన వివరణ ఇవ్వలేదంటూ దాని నిర్ణయాన్ని రద్దు చేసింది. చెరిపేశారా, వాటంతటవే పోయాయా, ఫోన్ మార్చారా? ఏదీ చెప్పలేదని కోర్టు ఎత్తిచూపింది.

ఆమె పక్షం వాదనలోనూ బలముంది. టీకాలు వచ్చాయి. యూరప్ ఒక్కటై కొనకపోతే చిన్న దేశాలు వెనకబడేవే. ఆమె లంచం తీసుకున్నారని ఎవరూ రుజువు చేయలేదు.

రాజకీయంగా ఆమెను కాపాడింది మాత్రం ఆమె ప్రత్యర్థులే అనాలి. కోర్టు తీర్పు పట్టుకుని యూరోపియన్ పార్లమెంటులో రొమేనియా సభ్యుడు గియోర్గే పిపెరియా అవిశ్వాసం పెట్టారు. ఆయన కూర్చునేది కుడిపక్ష బెంచీల్లో. వెంట నిలిచినవాళ్లలో టీకాలనే నమ్మనివాళ్లు, పుతిన్ మీద మెతగ్గా ఉండేవాళ్లు కనిపించేసరికి, అడగాల్సిన ప్రశ్నలున్న మధ్యేవాదులు వెనక్కి తగ్గారు. ఆమె కూడా చర్చలో మెసేజ్‌ల కంటే ఎక్కువగా కుట్ర సిద్ధాంతాల గురించే మాట్లాడారు. 2025 జులై 10న తీర్మానానికి అనుకూలంగా 175, వ్యతిరేకంగా 360 ఓట్లు పడ్డాయి. అది నెగ్గాలంటే పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు కావాలి. అక్టోబరులో ఒకే రోజు ఒకటి కుడివైపు నుంచి, ఒకటి ఎడమవైపు నుంచి మరో రెండు తీర్మానాలొచ్చాయి, రెండూ వీగిపోయాయి.

తీర్పు తర్వాత కమిషన్ మళ్లీ జవాబివ్వక తప్పలేదు. 2025 వేసవిలో వచ్చిన ఆ జవాబు ప్రకారం, బౌర్లా మెసేజ్‌లను 2021లోనే ఒకరు చదివి చూశారు. అవి కాల్ టైము కుదుర్చుకోవడానికి తప్ప మరెందుకూ కావని, దాచిపెట్టక్కర్లేదని ఆయనే నిర్ణయించారు. తర్వాత ఫోన్లు మారాయి, పాతవాటిలో డేటా తుడిచేశారు. ఆ చదివిన మనిషి, బెర్లిన్ నుంచి ఆమెతో వచ్చిన బియర్న్ సీబర్ట్.