స్కాన్‌లో గడ్డ లేదు, కంటి నరం మాత్రం ఉబ్బింది

తలనొప్పి వస్తే మనం ముందు సైటు అనుకుంటాం, తర్వాత గ్యాస్ అనుకుంటాం, ఆ తర్వాత టెన్షన్ అనుకుంటాం. ఎక్కువసార్లు అది మైగ్రేనో టెన్షన్ తలనొప్పో అవుతుంది కూడా. కానీ ఇంకో రకం ఉంది. సంతానం కలిగే వయసులో ఉండి, బరువు పెరిగిన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లపాటు చూపు నల్లబడుతుంది. రాత్రి నిశ్శబ్దంలో గుండె కొట్టుకునే లయలోనే చెవిలో హోరు వినిపిస్తుంది. స్కాన్ తీస్తే గడ్డ ఉండదు. "అంతా నార్మలే" అనుకుని ఇంటికి వచ్చేస్తారు. నాకు భయం వేసేది ఇక్కడే, ఎందుకంటే వీళ్లలో కొందరికి చూపు పోతుంది.

ఈ జబ్బు పేరు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్. డాక్టర్లు ఐఐహెచ్ అంటారు. స్పష్టమైన కారణం దొరకకుండా పుర్రె లోపల పీడనం పెరుగుతుంది. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. మెదడు, వెన్నుపాము చుట్టూ మస్తిష్కమేరు ద్రవం ఉంటుంది. పెద్దవాళ్లలో ఒక సమయానికి ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే అయినా, రోజుకు 500 దాకా తయారవుతుంది. పాతది సిరల్లోకి ఇంకిపోతుంటుంది. ఈ రాకపోకల లెక్క తప్పిందంటే, పుర్రె ఎముక సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది.

మెదడును కప్పే పొరలే కంటి నరాన్నీ చుట్టి కంటిదాకా వస్తాయి. అందుకే లోపలి ఒత్తిడికి కంటి వెనక నరం మొదలు ఉబ్బుతుంది. దీన్ని చూడగలిగే ఆఫ్తాల్మోస్కోప్ అనే పరికరాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లోనే లోకానికి పరిచయం చేశాడు, అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఉబ్బు అలాగే ఉండిపోతే సాధారణంగా ముందు పక్కచూపు తగ్గుతుంది. ఎదుటి అక్షరాలు బాగానే కనిపిస్తుంటాయి కాబట్టి మనిషికి అనుమానమే రాదు.

ఉబ్బు కనిపించాక సిరల స్కాన్ కూడా తప్పదు. మెదడు సిరలో రక్తం గడ్డకట్టినా ఇవే లక్షణాలు వస్తాయి, బాలింతల్లో ఆ ప్రమాదం ఎక్కువ. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, విటమిన్ ఎ జాతి మాత్రలు కూడా పీడనాన్ని పెంచగలవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రల సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. చివరగా వెన్నులో సూది పెట్టి పీడనం కొలుస్తారు. జర్మన్ వైద్యుడు క్వింకె 1891లో ప్రకటించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పెద్దవాళ్లలో అది నీటి మట్టం లెక్కలో 250 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క.

వైద్యం మీద 2014లో వచ్చిన అమెరికా అధ్యయనం ముఖ్యమైనది. చూపు కొద్దిగా తగ్గిన 165 మందికి బరువు తగ్గే ఆహారం ఇస్తూ, కొందరికి ఆ ద్రవం తయారీని తగ్గించే అసెటజోలమైడ్ మందు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వాడినవారిలో చూపు మరింత మెరుగైంది, పీడనమూ తగ్గింది. తలనొప్పిలో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు! పీడనాన్ని దించితే నొప్పి దానంతటదే పోతుందన్న నమ్మకం అక్కడ బలహీనపడింది.

బరువు తగ్గడం నిజంగానే పనిచేస్తుంది. బ్రిటన్‌లో 66 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనంలో, బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవారికి ఏడాది తర్వాత పీడనం బాగా తగ్గింది. అయినా "లావు తగ్గమ్మా" అని ఒక్క మాట చెప్పి పంపేయడం అన్యాయం. చూపు ఆ బరువు తగ్గేదాకా ఆగదు.

అందుకే 2023లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకుల బృందం ప్రచురించిన ఫలితం నాకు ఆశ కలిగించింది. షుగరు వ్యాధికి వాడే ఎక్సెనటైడ్ ఇంజెక్షన్‌ను ఈ రోగులకు ఇచ్చి, పుర్రెలో అమర్చిన సెన్సర్లతో పీడనం చూశారు. రెండున్నర గంటల్లోనే అది దిగింది, పన్నెండు వారాల తర్వాత కూడా తక్కువగానే ఉంది. రెండున్నర గంటల్లో ఎవరూ బరువు తగ్గరు. అంటే ఈ మందు ద్రవం తయారీ మీదే పనిచేస్తుండవచ్చు. అధ్యయనం పూర్తిచేసినవారు పదిహేను మందే కాబట్టి, పెద్ద పరీక్షల్లో తేలేదాకా దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

పీడనం దిగాక కూడా మిగిలే తలనొప్పి చాలామందిలో మైగ్రేన్‌లా ఉంటుంది. దానికి మైగ్రేన్ మందులే ఇస్తారు. మామూలు నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులో అంతకు మించో, నెలల తరబడి మింగితే ఆ మాత్రల వల్లే మరో తలనొప్పి మొదలవుతుంది. డాక్టరు దాన్ని విడిగా తేల్చి మాన్పించాల్సి ఉంటుంది.